మా చెల్లి క్యాలరీల లెక్క ఆపడం లేదు, ఏం చేయాలి?

మాది తిరుపతి. చెల్లి డిగ్రీ చదువుతోంది. కాస్త బరువు తగ్గుదామని ఫోన్‌లో యాప్ పెట్టుకుని క్యాలరీలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, మొదట్లో మేమూ మెచ్చుకున్నాం, కానీ ఇప్పుడు రాగి సంగటి ముద్దను కూడా తూకం వేయకుండా ముట్టదు, అమ్మ తాలింపులో ఎంత నూనె వేస్తోందో పక్కనే నిలబడి చూస్తుంది, పెళ్లి భోజనాలకు రానంటుంది, అక్కడ లెక్క తెలియదట. కొండ నుంచి తెచ్చిన లడ్డూ చిటికెడు నోట్లో వేసుకుని ఆ రాత్రంతా ఏడుస్తూ మేడమీద నడిచింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దగా శారీరక శ్రమ లేని ఆడవాళ్లకే రోజుకు సుమారు 1660 క్యాలరీలు కావాలి, తను అందులో సగం దాటితేనే టెన్షన్ పడుతోంది. జుట్టు రాలుతోంది, నెలసరి ఆగిపోయింది. నాన్నేమో ఒళ్లు తగ్గితే మంచిదేగా అంటారు (ఆయనకు షుగర్, అన్నీ ఆ లెక్కలోనే చూస్తారు).

ఇక్కడి రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్దామంటే "నాకేం పిచ్చా" అని మాట్లాడడమే మానేసింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఇంట్లోవాళ్లుగా నేనే ఫోన్ చేసి అడగొచ్చా, లేక ముందు నెలసరి పేరు చెప్పి గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లడం మేలా? యాప్ తీయించేస్తే ఇంకా మొండికేస్తుందేమోనని భయం. ఇంట్లో ఇలాంటిది చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, అన్నం దగ్గర తనతో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో చెప్పండి. మంచి డాక్టర్ ఉంటే చిత్తూరు, వేలూరు దాకా అయినా తీసుకెళ్తాం.