ఆడియో సిస్టంకు కరెంటు బాగుపడాలంటే ఖరీదైన పవర్ కార్డు (ప్లగ్గు నుంచి పరికరానికి వెళ్లే తీగ) కొనాలా, ఇంటి వైరింగు చూసుకోవాలా?

చంద్రగిరి శ్రోత:
ఎండాకాలం సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ వేసే వేళకు మా ఇంట్లో వోల్టేజీ 190కి పడిపోతోంది. పైగా స్పీకర్లలో ఎప్పుడూ గుంయ్‌మని సన్నని శబ్దం. మంచి పవర్ కార్డు, పవర్ కండిషనరు (కరెంటులోని రొదను వడగట్టే ఫిల్టరు పెట్టె) కొంటే రెండూ పోతాయని దుకాణంలో అంటున్నారు. ఆ ఖర్చు దండగ కాదా?

తిరుపతి సంగీతప్రియ:
దండగ కాదండీ. కార్డు మార్చాక మా ఇంట్లో తంబూరా శ్రుతి, మృదంగం తొప్పి నాదం విడివిడిగా వినిపిస్తున్నాయి.

చిత్తూరు వైరింగు:
సంగీతప్రియ గారి వినికిడిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఏ కార్డు తగిలించారో చెప్పకుండా మరొకరు మారుస్తూ ఉంటే, విని గుర్తుపట్టగలిగినప్పుడే ఆ తేడా కార్డుదని ఒప్పుకుంటాను. స్తంభం నుంచి గోడలోని ప్లగ్గు దాకా మామూలు తీగలో వచ్చిన కరెంటును చివరి మీటరున్నర కార్డు శుద్ధి చేస్తుందనడానికి నాకు ఆధారం కనబడదు.

శ్రోత గారూ, మీవి రెండు వేర్వేరు సమస్యలు. వోల్టేజీ 230 నుంచి 190కి పడితే మామూలు ట్రాన్స్‌ఫార్మరున్న యాంప్లిఫయరు గరిష్ఠ శక్తి దాదాపు మూడో వంతు తగ్గుతుంది. చెవికి అది 2 డెసిబెళ్ల లోపు తేడాయే కనుక, బాగా గట్టిగా పెట్టి వినేవారికి తప్ప తెలియదు. దానికి వోల్టేజీని ఒకే స్థాయిలో నిలిపే సర్వో స్టెబిలైజరు చాలు.

గుంయ్ శబ్దం సంగతి వేరు. యాంప్లిఫయరు వెనుక ఇన్‌పుట్ తీగలన్నీ తీసి చూడండి. శబ్దం ఆగిపోతే అది చాలావరకు ఎర్త్ లూపే: మిద్దె మీది డిష్ కేబులు టీవీకి, టీవీ నుంచి ఆడియో తీగ యాంప్లిఫయరుకు చేరి, రెండు చోట్ల ఎర్త్ తగలడంతో మధ్యలో పారే 50 హెర్ట్జుల కరెంటే స్పీకర్లో పలుకుతుంది. టీవీకీ యాంప్లిఫయరుకూ మధ్య కరెంటుకు బదులు కాంతితో పనిచేసే ఆప్టికల్ తీగ వాడితే ఆ లూపు తెగుతుంది. తీగలు తీసినా ఆగకపోతే లోపలి ఫిల్టరు కెపాసిటర్లను మెకానిక్కుకు చూపించండి. అవి బలహీనపడితే వచ్చేది 100 హెర్ట్జుల శబ్దం.

కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసి శబ్దం పోయిందని సంతోషిస్తారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఫేజు తీగ పరికరం బాడీకి తగిలిన రోజున ప్రాణానికే ముప్పు.

తిరుపతి సంగీతప్రియ:
అయితే కండిషనరుకు పనే లేదంటారా?

చిత్తూరు వైరింగు:
ఉందండీ. ఫ్రిజ్ ఆగినప్పుడల్లా స్పీకరు టప్పుమంటుంటే మంచి ఫిల్టరు ఉపకరిస్తుంది. కానీ ముందు డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా ఒక లైను లాగించండి, ఎర్త్ గుంతను చూపించండి. మన వైపు వేసవిలో నేల ఎండి బిగుసుకుపోతే ఎర్త్ బలహీనపడుతుంది. గుంతలో బొగ్గు, ఉప్పు వేయించి ఎండాకాలమంతా నీళ్లు పోస్తూ ఉండాలి. ఇవన్నీ చేశాక కూడా టప్పుమంటుంటే కండిషనరు కొనండి, నేను అడ్డు చెప్పను.