కడపలో క్యారెక్టర్ యానిమేషన్ చదువు

ప్రశ్న (ప్రొద్దుటూరు): ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయి కడపలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ చదువుతానంటోంది. బొమ్మలు చక్కగా వేస్తుంది కానీ కంప్యూటర్ అలవాటు లేదు. చేర్చవచ్చునా?

జవాబు: తప్పక చేర్చండి. ప్రవేశానికి ఏడీసెట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. యానిమేషన్ చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే కనుక దాన్ని ఇంట్లోనే నేర్చుకోవచ్చు. అడుగు వేసినప్పుడు పాత్ర బరువు ఏ కాలి మీదికి మారుతుందో, ఆ వెంటనే నడుము ఎటు ఒరుగుతుందో పసిగట్టే చూపు అలవడటానికే కాలం పడుతుంది. సెకనుకు 24 ఫ్రేములు (విడి చిత్రాలు) ఉండే నడక ఒక్కదానిపైనే నేను నెల రోజులు కూర్చున్నాను.

మరొక జవాబు (ధర్మవరం): అమ్మాయిని ఒకసారి మా దగ్గర తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంటకు తీసుకురండి. తోలుబొమ్మకు భుజం, మోచేయి విడి ముక్కలుగా కోసి, కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. యానిమేషన్‌లోనూ అంతే: రిగ్గింగ్‌లో, అంటే కంప్యూటర్‌లో పాత్ర కదలడానికి దానికి ఎముకలు అమర్చేటప్పుడు, కీలు ఎక్కడ తిరగాలన్నదే మొదటి ప్రశ్న.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ఈ ఆదివారమే వస్తాము.