బొటనవేలికి స్ప్లింట్ రోజంతా ఉంచాలా, రాసేటప్పుడు చాలా?

విజయనగరం అమ్మ:
మా పాపకి పదేళ్ళు. కీళ్ళని పట్టి ఉంచే కణజాలమే పుట్టుకతో వదులుగా ఉందన్నారు. దానికి ఎహ్లర్స్-డాన్లాస్ అనే జబ్బు కారణమవునో కాదో ఎదిగాక తేలుస్తారట. పెన్ను పట్టుకుంటే బొటనవేలి చివరి కీలు వెనక్కి విరుచుకుపోతుంది. పట్టు జారకుండా ఆ వేలిని చూపుడువేలి మీదుగా చుట్టేసి, గోరు తెల్లబడేదాకా నొక్కి రాస్తుంది. అరపేజీ అయ్యేసరికి చెయ్యి విదిలిస్తుంది. ఆపరేషన్ వద్దని అందరూ అన్నారు. తేడా అంతా ఆ తర్వాతే. ఒక డాక్టరుగారు స్ప్లింట్ (కీలుకి ఆసరాగా తొడిగే పట్టీ) రోజంతా ఉంచమన్నారు, ఇంకొకరు రాసేటప్పుడు చాలన్నారు. మా అత్తగారైతే "కట్టి ఉంచితే వేలు చచ్చుబడిపోతాది, పెద్దదైతే అదే గట్టిపడతాది" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

టెక్కలి నాన్న:
రోజంతా ఉంచండమ్మా. మావాడికి బీల్స్ సిండ్రోమ్. పుట్టినప్పుడే వేళ్ళు ముడుచుకుని ఉండేవి. రోజూ స్నానం చేయించాక మెల్లగా సాగదీసేవాళ్ళం, రాత్రంతా స్ప్లింట్ ఉంచేవాళ్ళం. కత్తి తగలకుండానే ఈ రోజు తన చేత్తో అన్నం కలుపుకుని తింటన్నాడు. గంట పెట్టి తీసేస్తే ఏటి లాభం?

శ్రీకాకుళం ఫిజియో:
టెక్కలి బాబూ, మీ అబ్బాయి విషయంలో మీరన్నది నిజం. కానీ ఈ పాప చేతిది సరిగ్గా ఎదురు సమస్య. బిగుసుకున్న కీలు తెరుచుకోవాలంటే కొద్దిపాటి లాగుడు ఎక్కువసేపు ఉండాలి, అందుకే రాత్రి స్ప్లింట్ పనిచేసింది. వదులు కీలుని సాగదీయాల్సిన పని లేదు, వెనక్కి పోకుండా అడ్డుకుంటే చాలు. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఉంగరం స్ప్లింట్ అదే చేస్తుంది: ముందుకి వంగనిస్తుంది, వెనక్కి వంగనివ్వదు.

రోజంతా వద్దని నేననేది ఇందుకు. వదులు కీలుని కాయాల్సింది దాని చుట్టూ ఉన్న చిన్న కండరాలు. వాటికి పని లేకుండా చేయకూడదు. పైగా ఈ పిల్లల చర్మం కూడా నాజూకు. మన ఎండల్లో చెమటపట్టి ప్లాస్టిక్ అంచు ఒరుసుకుంటే పుండు పడుతుంది. స్ప్లింట్ తీసిన అరగంటకీ ఎర్రమచ్చ పోకపోతే మళ్ళీ అమర్చాల్సిందే. అతికించే టేపులు అసలే వద్దు, పీకేటప్పుడు చర్మం లేచి వస్తుంది. ఎన్ని గంటలు ఉంచాలన్నదాని మీద జరిగిన అధ్యయనాలు తక్కువ, అవీ చిన్నవి. కాబట్టి గడియారం కాదు, పాప చేతిని చూసి నిర్ణయించాలి.

ఆపరేషన్ ఎందుకు వద్దన్నారంటే, కుట్టి బిగించేదీ ఆ వదులు కణజాలాన్నే. మళ్ళీ సాగిపోతుంది. గాయాలూ త్వరగా మానవు.

వ్యాయామమంటే బంతి పిసకడం అనుకోకండి. కీలు విరుచుకుపోయి ఉండగా ఎంత పిసికినా వంకర పట్టే అలవాటవుతుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి గుండ్రటి సున్నా చుట్టించండి. రెండు వేళ్ళ కీళ్ళూ కొంచెం వంగి ఉండాలి. ఆ సున్నా చెదరకుండా బట్టల క్లిప్పు నొక్కి తెరవమనండి. సున్నా చెదిరిన క్షణమే ఆపేయాలి. ఇంకొకటి, చుట్టాలొచ్చినప్పుడు వేళ్ళు వెనక్కి వంచి చూపించమని ఎవరూ అడగకూడదు. దయచేసి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి.

బొబ్బిలి మాస్టారు:
వేలి గురించి ఇంత మాట్లాడుతున్నారు, రాత భారం గురించి ఎవరూ అనరేం? మన అక్షరాలన్నీ గుండ్రాలే, తలకట్టు, కొమ్ము, ఒత్తు అంటూ ప్రతిదానికీ వేలు తిప్పాలి. ఆ పిల్ల చేత ఒకే జవాబు పదిసార్లు రాయించడం అన్యాయం. లావు పెన్నో రబ్బరు గ్రిప్పో ఇవ్వండి, పుస్తకం కింద ఏటవాలు పలక పెట్టండి, హోంవర్కులో సగం నోటితో అప్పజెప్పించుకోండి. రైటర్స్ క్రాంప్ (రాస్తుంటే చేతి కండరాలు పట్టేసే సమస్య) ఉన్న అభ్యర్థి కేసులో 2021లోనే సుప్రీంకోర్టు తేల్చింది: వైకల్యం 40 శాతం లేదన్న కారణంతో రాసే సహాయకుణ్ణి నిరాకరించకూడదని. 2022 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం కూడా ఇచ్చారు.

టెక్కలి నాన్న:
ఫిజియోగారూ, మా అబ్బాయి సంగతి వేరని ఒప్పుకున్నాను. కానీ రాయడమొక్కటే పనా? బ్యాగు జిప్పు లాగినా, నీళ్ళసీసా మూత తిప్పినా ఆ వేలే కదా వెనక్కి పోయేది?

శ్రీకాకుళం ఫిజియో:
మంచి మాటన్నారు. "రాసేటప్పుడే" అని గీత గీయడమూ సరికాదు. ఏ పనిలో కీలు విరుచుకుపోతుందో ఆ పనికి స్ప్లింట్ ఉండాలి. అమ్మా, ఒక సెలవురోజు పాప చేతిని గమనించి, ఏ పనుల్లో అలా అవుతోందో రాసుకుని మీ థెరపిస్టుకి చూపించండి. ఆటకి, నిద్రకి తీసేయొచ్చు.

విజయనగరం అమ్మ:
జిప్పు సంగతి నాకు తట్టనే లేదు. ఆదివారం చూసి రాస్తాను. మాస్టారూ, అదనపు సమయానికి కాగితం ఎవరివ్వాలి?

బొబ్బిలి మాస్టారు:
పబ్లిక్ పరీక్షకి ప్రభుత్వ వైద్యుల బోర్డు సర్టిఫికెట్ కావాలి, జిల్లా ఆసుపత్రిలో అడగండి. మామూలు యూనిట్ టెస్టుకి ఏ కాగితమూ అక్కర్లేదమ్మా. రేపే వెళ్ళి క్లాస్ టీచర్ని అడగండి, నోటితో అడిగితే చాలు.