2011 ఆల్టో: బాగుచేసుకోవాలా, వదిలేయాలా?

ప్రశ్న (కాకినాడ నుంచి):
2011 ఆల్టో, 796 సీసీ పెట్రోల్, 1,12,000 కి.మీ. తిరిగింది. ఇంకో నాలుగు నెలల్లో ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండుతాయి. క్లచ్ జారుతోంది, గతుకుల్లో ముందు వైపు టకటకమంటోంది, కూలెంట్ నెలకు అరలీటరు తగ్గుతోంది. షెడ్డులో అన్నీ కలిపి 32,000 అన్నారు. చిన్న పనులు ఇంట్లోనే చేసుకోగలను. ఖర్చు పెట్టొచ్చా?

జవాబు:
క్లచ్ సంగతి తర్వాత అండి, మీది సముద్రపు గాలి ఊరు, ముందు తుప్పు చూడండి. మ్యాట్లు ఎత్తి ఫ్లోరు, తలుపుల కింది అంచు, బానెట్ లోపల షాక్ అబ్జార్బర్లు బిగించే చోటు స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. పెయింట్ పొంగినా కింద రేకు గట్టిగా ఉంటే గీకి ప్రైమర్ కొట్టుకోవచ్చు. షాక్ మౌంటింగ్ దగ్గర మొన లోపలికి దిగిందంటే మాత్రం రూపాయి కూడా పెట్టకండి. అతుకు వేయిస్తే దాని పక్కన పలచబడ్డ రేకు చీలుతుంది.

మరో జవాబు:
తుప్పు లేకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్లలో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి, చూడండి. బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉండాలి, లేదంటే రీడింగులన్నీ తక్కువే వస్తాయి. ఇంజిన్ వేడెక్కాక కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు విప్పి మూడు ప్లగ్గులూ తీయండి. ప్లగ్గు తీసిన చోట ఒక్కో సిలిండర్‌కీ కంప్రెషన్ గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఒక సిలిండర్ మిగతావాటికంటే 15 శాతానికి మించి తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే తేడా వాల్వుల్లోనో, హెడ్ గాస్కెట్‌లోనో (ఇంజిన్ బ్లాక్‌కీ, పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు).

కూలెంట్‌కి: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయినట్టే.

ప్రశ్న అడిగినవారు:
రేకు గట్టిగానే ఉంది. రీడింగులు 165, 160, 162 పీఎస్‌ఐ. బుడగల్లేవు, వాటర్ పంపు కింద ఎండిన మరక ఉంది.

జవాబు:
అయితే ఉంచుకోండి, ఇంజిన్ బాగుంది. పంపు మార్చేటప్పుడు పాత గాస్కెట్ ముక్క ఒక్కటి కూడా మిగలకుండా గీకాలి, మిగిలితే మళ్ళీ కారుతుంది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఇప్పుడే మార్పించండి, లక్ష దాటింది. శబ్దానికి, చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ. షాకుల దాకా వస్తే షెడ్డుకే ఇవ్వండి, నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే చెయ్యి పోతుంది. క్లచ్ కూడా అక్కడే. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ ఒకేసారి వేయించండి.

ఆర్‌సీ రెన్యువల్‌కి ఫారం 25, ఫీజు 5,000, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఐదేళ్లకు ఇస్తారు. బ్రేకులు, లైట్లు సరిచేశాకే ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లండి.

ఇంకొకటి, జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందకి దూరొద్దు. స్టాండ్లు పెట్టండి.