80 ఎంఎం ఈడీఎఫ్ జెట్: ల్యాండింగ్‌లో కప్పగంతులు ఎలా ఆపాలి?

రెక్కలగుర్రం80

నమస్తే అందరికీ. నాది రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానం: 80 ఎంఎం ఈడీఎఫ్ (గొట్టంలో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్) ఫోమ్ జెట్, మూడు చక్రాల రిట్రాక్ట్‌లు (లోపలికి ముడుచుకునే చక్రాలు). బ్యాటరీతో కలిపి బరువు 3.1 కిలోలు, రెక్క వైశాల్యం 31 చదరపు డెసిమీటర్లు. 6ఎస్ 5000 ప్యాక్ (ఆరు సెల్లుల, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ). ఎగరేసేది శంకర్‌పల్లి దాటాక ఉన్న మొరం పట్టీ మీద. 110 మీటర్ల పొడవు, తూర్పు-పడమర.

గాల్లో ఏ ఇబ్బందీ లేదు, దిగేటప్పుడే గోల. ముందు చక్రం నేలకి తగలగానే మీటరు ఎత్తుకి లేస్తుంది, మళ్లీ ముక్కు మీదే పడుతుంది. మూడో గంతుకి నోస్ గేర్ (ముందు చక్రం కాలు) వంగుతుంది. ఇప్పటికి రెండు పిన్‌లు మార్చాను.

సెట్టింగ్‌లు: ఫుల్ ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలక) 35 డిగ్రీలు, ఫైనల్‌కి (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారి) తిరగ్గానే థ్రాటిల్ సున్నా, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన తగ్గించే సెట్టింగ్) 40 శాతం, ల్యాండింగ్‌లో జైరో (విమానాన్ని స్థిరంగా ఉంచే సెన్సర్) ఆటో లెవెల్, టైమర్ 5 నిమిషాలు. సీజీ (బరువు సమతూగే బిందువు) మాన్యువల్‌లో చెప్పిన చోటే. చివర్లో ఎలివేటర్ లాగినా ముక్కు లేవదు. లేస్తే ఒక్కసారిగా లేస్తుంది. తప్పు ఎక్కడుంది?

ఫైనల్_అప్రోచ్

గుర్రం గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది: "ఫైనల్‌కి తిరగ్గానే థ్రాటిల్ సున్నా". ఇది ప్రొపెల్లర్ ట్రైనర్ల దగ్గర పట్టుకున్న అలవాటు. ప్రొపెల్లర్ ఉంటే చివర్లో థ్రాటిల్ కాస్త తట్టినా చాలు, ఆ గాలి రెక్క మీదా తోక మీదా తగిలి వెంటనే పట్టు దొరుకుతుంది. జెట్‌లో ఫ్యాన్ గాలి గొట్టంలోంచి వెనక్కి పోతుంది, రెక్కకి దక్కేదేమీ లేదు. పైగా ఫ్యాన్ పుంజుకోవడానికి సెకను దాకా పడుతుంది. అంత తక్కువ ఎత్తులో సెకను చాలా ఎక్కువ.

మీ విమానానికే లెక్క వేసి చూద్దాం. చదరపు డెసిమీటరుకి 100 గ్రాముల లోడింగ్ (రెక్క మోసే బరువు). ఫుల్ ఫ్లాప్‌తో స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్క పట్టు పోయే వేగం) సుమారు 12.5 నుంచి 13 మీటర్లు/సెకను అవుతుంది. దానికి 1.3 రెట్లు, అంటే 16.5 మీటర్లు (గంటకి 60 కి.మీ.) మీ అప్రోచ్ వేగం.

చక్రాలూ ఫ్లాప్‌లూ దించిన ఫోమ్ జెట్ ఇంజను లేకుండా 5 మీటర్లు ముందుకి పోతే 1 మీటరు దిగుతుంది అనుకోండి. థ్రాటిల్ సున్నాలో పెట్టి ఆ 16.5 వేగం నిలబెట్టుకోవాలంటే 11 డిగ్రీల వాలులో రావాలి, సెకనుకి 3.2 మీటర్లు దిగుతూ. అదే వేగంతో నేలకి తగిలితే విమానాన్ని అర మీటరు ఎత్తు నుంచి కింద పడేసినట్టే లెక్క. ఏ గేరూ దాన్ని సంతోషంగా ఓర్చుకోదు. ఆ దిగుడంతా ఒక్క ఫ్లేర్‌లో (నేలకి చేరువలో ముక్కు ఎత్తడం) ఆపాలని చూస్తారు, సమయం చాలదు, ముందు చక్రమే మొదట తగులుతుంది.

ఇప్పుడు 5–6 డిగ్రీల వాలు తీసుకోండి: 100 మీటర్ల దూరంలో 10 మీటర్ల ఎత్తు. దిగుడు సగానికి పడిపోతుంది, సెకనుకి 1.6. దానికి కావలసిన తోపు సుమారు 300 గ్రాములే. స్టాటిక్‌లో (నేల మీద నిలిపి ఉంచినప్పుడు) 3 కిలోలు తోసే ఫ్యాన్ అయితే స్టిక్ 35–45 శాతం మధ్య ఎక్కడో ఉంటుంది. మీ విమానానికి సరైన అంకె గాల్లోనే దొరుకుతుంది.

దొరకబుచ్చుకునే పద్ధతి ఇది. 80–90 మీటర్ల ఎత్తులో చేయండి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) 400 అడుగులు, అంటే 120 మీటర్లు పరిమితి కాబట్టి దాని లోపలే అయిపోతుంది. చక్రాలు, ఫుల్ ఫ్లాప్ దించండి. ఎత్తు మారకుండా చూసుకుంటూ థ్రాటిల్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ముక్కు కొద్దికొద్దిగా పైకి తెస్తూ పోండి. ఒక రెక్క వాలిందంటే అది స్టాల్. దానికి కాస్త ముందు ముక్కు ఎంత పైకి ఉందో కళ్లతో గుర్తుపెట్టుకోండి. రెండు మూడు సార్లు చేస్తే ఆ భంగిమ కంటికి అలవాటవుతుంది. ట్రాన్స్‌మిటర్ మీద అంకె కన్నా ఇదే నమ్మకమైన స్పీడోమీటర్.

తర్వాత సర్క్యూట్. డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా, గాలి వాటున వెళ్లేటప్పుడు) రన్‌వే మధ్యకి ఎదురుగా రాగానే చక్రాలూ సగం ఫ్లాపూ. రన్‌వే చివర దాటి 60–70 మీటర్లు పోనిచ్చి బేస్‌కి (ఫైనల్‌కి ముందు అడ్డంగా వచ్చే దారి) తిరగండి. ఫైనల్‌లోకి వచ్చి రెక్కలు సమం అయ్యాకే ఫుల్ ఫ్లాప్. ఇక్కడి నుంచి ఎలివేటర్ పని వేగం చూడటం, థ్రాటిల్ పని దిగుడు చూడటం. తక్కువ ఎత్తులో ఉన్నారా, ముక్కు లాగకండి, థ్రాటిల్ పెంచండి. ఛాతీ ఎత్తుకి వచ్చాక ఎలివేటర్‌ను సెకనున్నర, రెండు సెకన్ల మీద మెల్లగా వెనక్కి తెస్తూ, థ్రాటిల్‌ను అదే లయలో సున్నాకి తెండి. చక్రం తగిలే క్షణానికి దిగుడు సెకనుకి అర మీటరు లోపుంటే సెంటీమీటరు కన్నా కాస్త ఎక్కువ ఎత్తు నుంచి పడినంతే దెబ్బ. మెయిన్ చక్రాలే ముందు తాకాలి.

ఇక గంతు వచ్చేసిందనుకోండి. ముందు చక్రం సీజీకి ముందు ఉంటుంది కాబట్టి దానికి తగిలిన దెబ్బ ముక్కును పైకి తోస్తుంది, రెక్క కోణం పెరుగుతుంది, విమానం లేస్తుంది. మీరు భయపడి ఎలివేటర్ కిందికి కొడతారు. ఆ మాట విమానానికి చేరేసరికి ముక్కు దానంతటదే దిగుతూ ఉంటుంది, రెండు కలిసి ఇంకా గట్టిగా పడుతుంది. అందుకే మొదటి గంతుకే స్టిక్ వెంట పరుగెత్తకండి. ముక్కు కాస్త పైకి పట్టుకుని, థ్రాటిల్ ముప్పావు వంతుకి తోసి మళ్లీ ఓ చుట్టు కొట్టి రండి.

మొరంపట్టీ

లెక్కలు మంచిగ చెప్పిన్రు. నేను నేల మీది సంగతి చెప్తా, చాన మంది దీన్ని చూడరు.

గుర్రం అన్నా, జెట్‌ను చదునైన బండ మీద పెట్టి, ఫోన్‌ల యాంగిల్ మీటర్ యాప్ తీసి రెక్క వేరు కాడ కొలిచి చూడు. రెక్క సున్నా ఉండాలె, లేకుంటే ఒక డిగ్రీ కిందికి వంగి ఉన్నా పర్వాలేదు. ముక్కు 2–3 డిగ్రీలు లేసి ఉన్నదంటే నేల మీద ఉరుకుతుంటే గూడ రెక్క లేపుతనే ఉంటది, ఎంత మంచిగ దించినా మళ్ల లేస్తది. నోస్ లెగ్ కాస్త పొట్టిది ఎయ్యి, లేకుంటే ఎనక చక్రాలు పెద్దయి ఎయ్యి. మొరం మీద పెద్ద చక్రమే మేలు, గుండ్రాయి అడ్డమొస్తే చిన్న చక్రం అక్కడ్నే ఆగుతది, పిన్ వంగుతది.

పిన్ ఉత్తగ మారుస్తుంటే లాభం లేదు. రిట్రాక్ట్ స్క్రూలు పట్టే ప్లైవుడ్ పలక ఫోమ్‌ల కదులుతున్నదా చూడు. వేలితోని లెగ్‌ను ముందుకూ ఎనకకూ ఊపితే పలకతోని కలిసి ఊగుతే, ఎపాక్సీ పెట్టి మళ్ల అంటించు. లెగ్‌ల స్ప్రింగ్ గట్టిగ ఉన్నా గంతే. విమానాన్ని అరచేతి ఎత్తు నుంచి వదిలితే చక్రాలు కుంగాలె, బాల్ లెక్క ఎగరొద్దు.

స్టీరింగ్ గూడ చూసుకో. నోస్ వీల్ రెండు దిక్కులా 15 డిగ్రీల కన్న ఎక్కువ తిరగొద్దు. రడ్డర్ మీద ఎక్స్‌పో 40 ఉన్నా నడుస్తది, ఎలివేటర్ మీద మాత్రం వద్దు. ఎలివేటర్ మీద 40 పెడితే మధ్యల ఏం రాదు, దాటినంక ఒక్కసారే వస్తది. "ముక్కు లేవదు, లేస్తే ఒక్కసారిగా" అన్నవ్ కదా, అదే ఇది. 20–25 చాలు. ల్యాండింగ్ మోడ్‌ల ఎలివేటర్ రేట్ ఫుల్లుగ ఉంచు, తక్కువ స్పీడ్ల ఎక్కువ కదలిక కావాలె.

ఇంకోటి. దిగే ముందు పట్టీ మీద ఒకసారి నడిచి రా. కంకర ఏరి పడెయ్యి. ముందు చక్రం ఎగరేసిన రాయి ఇన్‌టేక్‌లకు పోతే ఫ్యాన్ రెక్క పోతది.

రెక్కలగుర్రం80

ఇద్దరికీ థ్యాంక్స్. కొలిచాను, ముక్కు 2 డిగ్రీలు పైకే ఉంది. నోస్ లెగ్ మారుస్తాను. ఇంకో రెండు సందేహాలు. ఆటో లెవెల్ తీసేస్తే గాలికి ఊగిపోతుందేమోనని భయం. ఫ్లాప్ దించగానే విమానం పైకి తేలుతుంది, దాన్ని అణచడానికి నేనే ఎలివేటర్ నొక్కుతున్నాను. ఇది మామూలేనా?

ఆరుసెల్లు

ఆటో లెవెల్ వెంటనే తీసేయండి. ఫ్లేర్ అంటేనే ముక్కు పైకి పట్టుకోవడం, ఆటో లెవెల్ పని ముక్కును సమం చేయడం. ఇద్దరూ చెరో వైపు లాగుతున్నారు. స్టిక్ రవ్వంత వదలగానే ముక్కు దించేస్తుంది, మీ ముందు చక్రం కథలో సగం పాపం దీనిదే. మామూలు రేట్ మోడ్ వాడండి, గెయిన్ (జైరో స్పందన బలం) 30 శాతం దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. అది గాలి కుదుపుల్ని తింటుంది తప్ప మీ మాటకి ఎదురు చెప్పదు. గెయిన్ ఎక్కువైతే పూర్తి వేగంలో రెక్కలు వణుకుతాయి, అప్పుడు ఒక మెట్టు తగ్గించండి. అయితే జైరో ఉంటే స్టాల్ ముందు వచ్చే ఊగులాట సరిగ్గా కనబడదు, అందుకే స్టాల్ పరీక్ష మాత్రం జైరో ఆపి చేయండి.

ఫ్లాప్ తేలడం మామూలే, చేత్తో నొక్కడమే మామూలు కాదు. ఫ్లాప్ నుంచి ఎలివేటర్‌కి మిక్స్ (ఫ్లాప్ దిగితే ఎలివేటర్ దానంతటదే కదిలే సెట్టింగ్) పెట్టండి: సగం ఫ్లాప్‌కి 1 మిల్లీమీటరు డౌన్, ఫుల్‌కి 2 మిల్లీమీటర్లతో మొదలు. ఎత్తులో థ్రాటిల్ సగంలో ఉంచి ఫ్లాప్ దించి చూసి సవరించండి. ఫ్లాప్ సర్వో 3 సెకన్లలో మెల్లగా దిగేలా పెడితే కుదుపే ఉండదు.

టైమర్ దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. సగటున 50 ఆంపియర్లు లాగితే 5 నిమిషాల్లో 4.17 ఆంపియర్-అవర్లు, అంటే ప్యాక్‌లో 83 శాతం ఖాళీ. గో-అరౌండ్ (దించకుండా మళ్లీ చుట్టు కొట్టడం) చేయమని పైన సలహా ఇచ్చారు, దానికి బ్యాటరీ ఏది? వోల్టేజ్ కుంగిన ప్యాక్‌తో థ్రాటిల్ తోస్తే ఫ్యాన్ మూలుగుతుంది, అంతే. ఇంకో చుట్టు కొట్టే ధైర్యం లేకే చాలామంది చెడ్డ అప్రోచ్‌ని బలవంతంగా దించుతారు. టైమర్ 3 నిమిషాల 30 సెకన్లకి పెట్టండి. 58 శాతం వాడి ఉంటారు. ఒక్కో గో-అరౌండ్ చుట్టుకి 40 సెకన్లు, 11 శాతం. రెండు చుట్టులు కొట్టినా 80 దగ్గరే ఆగుతారు.

గాలి సంగతి. బేగంపేట, శంషాబాద్ రన్‌వేలు 09/27 దిశలో ఉన్నట్టే మీ పట్టీ కూడా తూర్పు-పడమర కాబట్టి ఏడాదిలో చాలా రోజులు గాలి మీకు అనుకూలమే. వానాకాలంలో పడమటి గాలి, చలికాలంలో తూర్పు గాలి. చిక్కల్లా సూర్యుడితో. జూన్, జూలైలో పొద్దున్నే ఎగరేస్తే పడమటి గాలికి ఎదురుగా దించాలి, అంటే విమానం తూర్పు నుంచి, సూర్యుడి పక్క నుంచే వస్తుంది. నల్లటి ఆకారం తప్ప ముక్కు కోణం తెలియదు. ఆ నెలల్లో సాయంత్రం వెళ్లండి. డిసెంబరులో పొద్దున్నే హాయి: పట్టీకి దక్షిణం వైపు నిలబడితే ఎండ వీపు మీద ఉంటుంది, విమానం పడమర నుంచి వెలుగులో వస్తుంది.

గాలి వీపున పెట్టుకుని మాత్రం దించకండి. గాలిలో వేగం 14 అయితే 3 మీటర్ల ఎదురుగాలిలో నేల మీద 11, అదే వెనక గాలిలో 17. ఆపాల్సిన శక్తి 2.4 రెట్లు. 110 మీటర్ల మొరం పట్టీకి అది చిన్న తేడా కాదు, కంచెకి గుద్దుకోవడమే.

హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు. మే మధ్యాహ్నం 40 డిగ్రీల్లో గాలి సాంద్రత ప్రామాణిక సముద్రమట్టపు విలువ కన్నా దాదాపు 14 శాతం తక్కువ. డిసెంబరు పొద్దుటితో పోలిస్తే స్టాల్ వేగం 4 శాతం పెరుగుతుంది, అవే ఆర్‌పీఎంలకి ఫ్యాన్ తోపు 8 శాతం తగ్గుతుంది. వేసవిలో అప్రోచ్ "ఎందుకో వేగంగా వస్తోంది" అనిపిస్తే కారణం ఇదే, దాన్ని తగ్గించబోయి స్టాల్ చేసుకోకండి. సంక్రాంతి వారంలో ఊరి పక్క పట్టీ అయితే మాంజా కూడా చూసుకోవాలి, ఫైనల్ ఎత్తులోనే ఉంటుంది అది.

కిరోసిన్‌వాసన

పైన చెప్పినవన్నీ ఈడీఎఫ్‌కి. ఇది చదివి టర్బైన్ (కిరోసిన్‌తో నడిచే చిన్న జెట్ ఇంజను) వాళ్లు థ్రాటిల్ పట్టుకుని రావద్దు, అక్కడ సమస్య తిరగబడుతుంది. ఐడిల్‌లో (కనిష్ఠ వేగంలో) కూడా టర్బైన్ కాస్త తోస్తూనే ఉంటుంది, విమానం వేగం తగ్గనంటుంది. ఐడిల్ నుంచి పూర్తి తోపుకి చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే ఫుల్ ఫ్లాప్, స్పీడ్‌బ్రేక్, అవసరమైతే రెండు ఏలరాన్‌లూ (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలకలు) కొద్దిగా పైకి లేపి డ్రాగ్ పెంచి, ఇంజన్‌ని ఐడిల్‌కి కాస్త పైన నిలిపి రావాలి. అప్పుడు పిలిస్తే పలుకుతుంది.

ఫైనల్_అప్రోచ్ గారితో ఒక్క చోట ఏకీభవించను. గాలి పక్క నుంచి, కుదుపులుగా కొడుతుంటే ఫుల్ ఫ్లాప్ వద్దు. సగం ఫ్లాప్, అప్రోచ్ వేగం ఒక మీటరున్నర ఎక్కువ. ఫుల్ ఫ్లాప్‌లో ఒక కుదుపు ఆగగానే విమానం రాయిలా పడుతుంది.

ఫైనల్_అప్రోచ్

ఒప్పుకుంటున్నా, నేను రాసింది నిదానమైన గాలికి. గుర్రం గారూ, లెగ్ మార్చాక మొదటి ప్యాక్‌లో చక్రం నేలకి తాకించకండి. నాలుగు అప్రోచ్‌లు ఛాతీ ఎత్తు దాకా వచ్చి వెళ్లిపోండి, థ్రాటిల్ ఏ అంకె దగ్గర వాలు నిలిచిందో టేప్ ముక్క మీద రాసి ట్రాన్స్‌మిటర్‌కి అంటించండి. రెండో ప్యాక్‌లో దించండి.