పెచ్చులూడిన గోడల ఫొటోల నుంచి అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ: నకలు కాకుండా ఎలా?

నీలిమరక:
గురువు లేకుండా సొంతంగా మిక్స్‌డ్ మీడియా నేర్చుకుంటున్నాను. అక్రిలిక్, చింపిన కాగితాలు, ఆయిల్ పాస్టెల్ వాడతాను, అన్నీ కాన్వాస్ మీదే. ప్రేరణంతా పాత గోడలు, తుప్పు పట్టిన రేకులే, ఫొటోలు బోలెడున్నాయి. కానీ బొమ్మ ఫొటోకి నకలైపోతోంది, లేదంటే రంగులు కలిసిపోయి బురదలా తయారవుతున్నాయి. పైగా కాగితం ముడతలు పడుతోంది, పాస్టెల్ మీద వేసిన రంగు ఆరాక పొరలా ఊడొస్తోంది. ఏది ఎక్కడ సరిచేసుకోవాలి?

పొరమీదపొర:
ఊడిపోయే సంగతి ముందు చూద్దామండి. ఆయిల్ పాస్టెల్‌లోని మైనం, నూనె ఎన్నాళ్లున్నా పూర్తిగా ఆరవు. అక్రిలిక్ నీళ్లతో పనిచేసే రంగు, జిడ్డు మీద దానికి పట్టు దొరకదు. కాబట్టి పాస్టెల్‌ని ఆఖరి పొరగానే ఉంచండి. కింద గీతలు కావాలంటే అక్రిలిక్ ఇంకు గానీ గ్రాఫైట్ (పెన్సిల్ ములుకులో ఉండే నల్లటి పదార్థం) గానీ వాడండి. గ్రాఫైట్ చెదరకుండా మ్యాట్ మీడియం (రంగు లేని, మెరుపు రాని అక్రిలిక్ జిగురు) పల్చగా స్పాంజితో అద్ది ఆరనివ్వాలి; బ్రష్షుతో రుద్దితే బూడిద రంగు పాకుతుంది.

ఇక ముడతలు. కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పొడిది తెచ్చి తడి జిగురు మీద పెడితే అంటుకున్నాక సాగుతుంది, పోవడానికి చోటు లేక పైకి లేస్తుంది. అందుకే కాగితం వెనక మీడియం రాసి రెండు నిమిషాలు వదిలేయండి, అది సాగడం పూర్తవుతుంది. కాన్వాస్ మీద కూడా మీడియం రాసి, కాగితం పరిచి, పాత ప్లాస్టిక్ కార్డుతో మధ్య నుంచి అంచులకి గాలి తోయండి. ఇంక్‌జెట్ ప్రింట్లు మాత్రం వద్దు, చాలావరకు తడికి కారతాయి. లేజర్ ప్రింట్లు కారవు. న్యూస్‌పేపర్ ఎంత సీలు చేసినా పసుపెక్కుతుంది, దాన్ని మంచి కాగితం మీద లేజర్ కాపీ తీసి వాడండి.

రాపిడి:
పైవన్నీ సరే, నకలు సమస్య మాత్రం సామాన్లతో తీరదు. మీరు గోడ ఎలా కనిపిస్తోందో చూస్తున్నారు. అది అలా ఎలా తయారైందో చూడండి. ముందు సున్నం, దానిపైన రంగు, ఆపైన పోస్టరు జిగురు, తర్వాత ఎవరో చింపడం, ఆపైన వాన. ఈ వరస నోటుబుక్కులో రాసుకుని, ఫొటో పక్కన పెట్టేసి, అదే వరసలో కాన్వాస్ మీద చేయండి. ఏ మరక ఎక్కడ పడాలన్నది అప్పుడు ఫొటో కాదు, పని నిర్ణయిస్తుంది.

పెచ్చులకి ఒక పద్ధతి: కింది రంగు బాగా ఆరాక, అక్కడక్కడ వేలితో వాజలీన్ పల్చగా అద్దండి. పైన వేరే రంగు ఒకే పొర వేసి, తాకితే అంటనంత ఆరనిచ్చి, పొడిగుడ్డతో రుద్దండి. వాజలీన్ ఉన్నచోట పైరంగు ఊడి కిందిది బయటపడుతుంది. మందంగా వేశారో, రబ్బరు చర్మంలా ఒకే ముక్కగా లేచొస్తుంది, ఆ అంచు అసహజంగా ఉంటుంది.

ఫొటోలకి బదులు రాపిడి బొమ్మలు కూడా తీయండి. పల్చటి కాగితం గరుకు తలం మీద పెట్టి గ్రాఫైట్ కడ్డీని పడుకోబెట్టి రుద్దడమే. జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ 1925లో నేల చెక్కల మీద ఇలాగే మొదలుపెట్టాడు. ఆ కాగితాన్నే కొలాజ్‌లో (కాగితాలు అంటించి చేసే బొమ్మలో) అంటించవచ్చు.

మూడురంగులు:
@రాపిడి గారు చెప్పిన వరస పద్ధతి నిజంగా పనిచేస్తుంది, కానీ దానికి ముందు కూర్పు తేలాలి. లేకపోతే అందమైన మరకలు ఉంటాయి, బొమ్మ ఉండదు. అట్టతో రెండు L ఆకారాలు కోసి, చట్రంలా ఎదురెదురుగా పెట్టి ఫొటో మీద జరుపుతూ చిన్న చిన్న ముక్కలు ఎంచుకోండి. ఒక్కోదాన్నీ 6 సెం.మీ. పెట్టెలో తెలుపు, బూడిద, నలుపు మాత్రమే వాడి గీయండి. మూడు ఛాయల్లో నిలబడనిది ముప్పై రంగులు వేసినా నిలబడదు.

బురదకి కారణం తడి మీద తడి. నారింజ ఆరకముందే నీలం తగిలితే మట్టిరంగే వస్తుంది. మధ్యలో పూర్తిగా ఆరనివ్వండి. పైపొర గ్లేజ్‌గా (కింది రంగు కనిపించే పల్చటి పొరగా), ఒక వంతు రంగుకి ఎనిమిది పది వంతుల మీడియం కలిపి వేయండి. నీళ్లు ఎక్కువ పోసి పల్చబరిస్తే రంగుని పట్టి ఉంచే జిగురు తగ్గిపోతుంది, రుద్దితే లేచొస్తుంది.

నీలిమరక:
చాలా థాంక్స్ అందరికీ. ఒక్క అనుమానం. పాస్టెల్ జిడ్డు వద్దంటూనే వాజలీన్ వాడమన్నారు. దాని మీద తర్వాతి పొర ఊడదా?

రాపిడి:
మంచి ప్రశ్న. వదిలేస్తే కచ్చితంగా ఊడుతుంది. పాస్టెల్ మరక బొమ్మలో ఉండిపోవాల్సింది, వాజలీన్ పూర్తిగా తీసేయాల్సింది, తేడా అదే. రంగు ఒకరోజు ఆరనిచ్చి, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపి మెత్తటి స్పాంజితో తుడవండి, తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు. ఆరాక పక్క పక్కనే రెండు నీటి చుక్కలు వేసి చూడండి, ఒకటి వాజలీన్ తగలని చోట, ఒకటి తగిలిన చోట. రెండోది మాత్రమే గుండ్రంగా నిలబడిందంటే జిడ్డు ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగండి.