కానిస్టేబుల్ 1600 మీటర్లు: రోజూ పరుగెత్తినా టైమింగ్ పడిపోతోంది

ప్రశ్న: తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 7 నిమిషాల 15 సెకన్లు. ఆరు వారాలుగా రోజూ 1600 ఫుల్ స్పీడ్‌లో కొడుతున్నా. 7:30 నుంచి 7:50కి దిగజారింది. పిక్కలు పట్టేస్తున్నాయి, నిద్ర పట్టట్లేదు. ఇంకా పెంచాలా అన్నా?

జవాబు: పెంచొద్దు తమ్ముడూ. పరుగులో కండరం అలసిపోతుంది, బలపడేది విశ్రాంతిలోనే. రోజూ పరీక్ష పెట్టుకుంటే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. ముందు నాలుగు రోజులు నడక చాలు. తర్వాత వారానికి రెండే గట్టి రోజులు, మంగళ, శుక్ర అనుకో. 400 మీటర్లు 1:45లో, నాలుగు సార్లు, మధ్యలో 3 నిమిషాల నడక. ఏదైనా ఒకటి 1:50 దాటితే ఆ రోజుకి ఆపెయ్. ఇంకో రెండు రోజులు 25 నిమిషాలు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. చాలామంది చెడగొట్టుకునేది ఈ నెమ్మది రోజుల్లోనే, పక్కవాడు దాటగానే స్పీడ్ పెంచేస్తారు. మిగతా రోజులు పరుగే వద్దు.

జవాబు: పై మాటే నాదీ. పొద్దున లేవగానే, మంచం మీదే ఒక నిమిషం పాటు నాడి లెక్కపెట్టు. మామూలు కంటే 8, 10 ఎక్కువుంటే గట్టి పరుగు మరుసటి రోజుకి వాయిదా. ప్రతి నాలుగో వారం మొత్తం దూరం మూడో వంతు తగ్గించు. పరుగయ్యాక గంటలోపు అన్నం, రెండు గుడ్లు, ఉప్పేసిన మజ్జిగ. సాయంత్రం టీ మానెయ్, నిద్ర దారిలో పడుతుంది.

జవాబు: నొప్పి పిక్కలోనా, మోకాలి కింద కాలి ముందు వైపు ఎముక మీదనా? ఎముకపై ఒకే చోట వేలితో నొక్కితే కలుక్కుమంటే పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించు. దాని మీద పరుగెత్తితే ఎముక చిట్లొచ్చు.